కీమో వార్డులో అనుబంధ చికిత్సలు: హనుమకొండలోని ఒక ఆసుపత్రి సేవపై సమీక్ష

హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి తన క్యాన్సర్ డే కేర్ విభాగంలో కీమో ఎక్కించుకునే రోగులకు ఆక్యుప్రెషర్, తేలికపాటి కాళ్ల మర్దన, ప్రాణాయామం, సంగీతం వంటి అనుబంధ చికిత్సలను కూడా అందిస్తున్నది. మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన తర్వాత కీమో మొత్తం ఆ విభాగంలోనే జరిగింది. ఆ నెలలన్నీ ఆమె పక్కన అటెండెంట్‌గా కూర్చున్నందువల్ల ఈ సేవ ఎలా నడుస్తున్నదో, ఎక్కడ బాగున్నదో, ఎక్కడ తప్పు జరుగుతున్నదో దగ్గరగా చూసే వీలు కలిగింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సేవ తీసుకోదగినదే. అయితే రోగి ఒంటి మీద చేయి వేసే ముందు ఫైలు తెరిచి చూసే మనిషి ఉన్న రోజున మాత్రమే తీసుకోదగినది.

ఆసుపత్రి పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసిన విషయాలతో పాటు గట్టిగా అభ్యంతరం చెప్పవలసిన విషయాలు కూడా ఇందులో ఉన్నాయి, ఆ అభ్యంతరాలను యాజమాన్యానికి విడిగా రాసి ఇచ్చాను. ఇటువంటి సేవ ఏ ఆసుపత్రిలో దొరికినా దాన్ని ఎలా చూసుకోవాలో తెలియడం రోగుల బంధువులకు ముఖ్యమని ఇది రాస్తున్నాను.

ఒకప్పుడు మన జిల్లాల్లో క్యాన్సర్ అని తేలితే చాలామందికి హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లడమే దారిగా ఉండేది. ఇప్పుడు కీమో వరకు వరంగల్, హనుమకొండల్లోనే జరుగుతున్నందువల్ల నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రోగులు పొద్దున్నే బస్సు దిగి వస్తారు. రక్త పరీక్షకు ఇచ్చి, కౌంట్ (రక్త కణాల సంఖ్య) సరిపోయిందని చెప్పేదాకా ఎదురుచూసి, వాంతులు రాకుండా ఇచ్చే మందులు ముందుగా ఎక్కించుకుని, ఆ తర్వాత అసలు మందు ఎక్కేసరికి సాయంత్రం అవుతుంది. చదువుకున్నవారైనా, వ్యవసాయం చేసుకునేవారైనా ఆ గంటలన్నీ భయంతోనే గడుపుతారు. పక్క కుర్చీలో ఎవరికైనా వాంతి అయితే తమకూ అవుతుందేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారిని ఆ హాలులో చాలామందిని చూశాను. ఈ అనుబంధ సేవను సరిగ్గా ఆ గంటల్లోకి తెచ్చి పెట్టడం ఆసుపత్రి తీసుకున్న మంచి నిర్ణయం. రోగి దీని కోసం ఇంకో రోజు, ఇంకో బస్సు, ఇంకో క్యూ చూసుకోనవసరం లేదు.

సేవను నడిపిస్తున్నది ప్రకృతి వైద్యం, యోగాలో బి.ఎన్.వై.ఎస్. చదివిన ఒక డాక్టరమ్మ. ఇది వారాంతపు సర్టిఫికెట్ కోర్సు వంటిది కాదు. నాలుగున్నర ఏళ్ల చదువు, దానిపై ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండే పట్టా. ఆ చదువు విలువ ఆమె పనిలో కనిపించింది. మా పెద్దమ్మ దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చేతిలో నూనె సీసా లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఫైలు అడిగి తీసుకుని, ఆనాటి రక్త పరీక్ష కాగితం దొరికేదాకా పేజీలు తిప్పింది. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో, తెల్ల కణాలు ఎన్ని ఉన్నాయో చూసుకున్న తర్వాతే మాట మొదలుపెట్టింది.

“పెద్దమ్మా, ఆపరేషన్ ఏ పక్కన అయ్యింది?”

“ఎడమ దిక్కు బిడ్డా. చంకల గడ్డలు గూడ తీసిండ్రు.”

“అయితే ఆ చెయ్యి నేను పిసకను, ఇంట్ల ఎవ్వరినీ పిసకనియ్యకు. బీపీ చూసినా, సూది గుచ్చినా కుడి చేతికే అని నువ్వే చెప్పాలె.”

చంకలోని లింఫ్ గ్రంథులను తీసివేసిన చేతిలో ద్రవం సరిగా కిందికి జారక వాపు వచ్చే ప్రమాదం ఉంటుందని, దాన్ని తగ్గించే మర్దన వేరుగా ఉంటుందని, దాన్ని ఆ శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టే చేయాలని ఆమె విడమరచి చెప్పింది. ఆ తర్వాత ఆమె అడిగినవి కూడా గుర్తుపెట్టుకోదగినవే. కాళ్లలో ఏదైనా ఒకటే వాచిందా, పిక్క నొప్పి ఉందా, ఎముకలకు జబ్బు పాకిందని స్కాన్‌లో ఏమైనా రాశారా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, షుగర్ ఉందా, చర్మం ఎక్కడైనా పగిలిందా, మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పోర్టు ఏ వైపున ఉంది అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఎముకకు జబ్బు పాకిన చోట గట్టిగా నొక్కితే ఎముక విరగవచ్చు. ప్లేట్‌లెట్లు 50 వేలకు దిగువకు పడిపోయిన రోగిని గట్టిగా నొక్కితే లోపల రక్తం కారి కమిలిపోతుంది కాబట్టి అలాంటప్పుడు అరచేతితో నిమరడమే తప్ప ఒత్తిడి పెట్టరాదు. కీమో ఎక్కిన వారం పది రోజుల తర్వాత కౌంట్ బాగా పడిపోతుంది గనుక పోయిన వారం చేసిందే ఈ వారం కూడా చేయవచ్చని అనుకోవడానికి వీల్లేదు. ఈ ప్రశ్నలు అడగకుండా ఎవరైనా నేరుగా కాళ్ల దగ్గర కూర్చుంటే, వారు ఎంత ఆప్యాయంగా పలకరించినా సరే, వద్దని చెప్పడం మంచిది.

ఇక చికిత్సల సంగతి. మా పెద్దమ్మకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మణికట్టు దగ్గరి ఆక్యుప్రెషర్. మొదటి దశలో ఆమెకు ఇచ్చింది డాక్సోరూబిసిన్, మన దగ్గర రోగులంతా ఎర్ర మందు అనే మందు. సీసాలో ఆ రంగు కనబడగానే కడుపులో దేవుతున్నదని ఆమె ముఖం తిప్పుకునేది. పోర్టు ఛాతీకి ఉన్నందువల్ల కుడి చేయి ఖాళీగా ఉండేది. డాక్టరమ్మ ఆమె గాజులను మోచేతి వైపు జరిపి, అరచేతి వైపున మణికట్టు మడత మీద ఆమె ఎడమ చేతి వేళ్లనే మూడింటిని అడ్డంగా పెట్టించింది. మూడో వేలి అవతలి అంచున, పిడికిలి కొంచెం బిగిస్తే పైకి తేలే రెండు నారల మధ్యలో, ఒక చోట తన బొటనవేలు ఆనించి, నొప్పి పుట్టనంత బలంతో రెండు మూడు నిమిషాల పాటు నెమ్మదిగా నొక్కింది. చైనా వైద్యంలో ఆ చోటును నైగువాన్ అంటారు. వైద్య పత్రికల్లో పి6 అని రాస్తారు. వేరేవాళ్ల వేళ్లతో కొలిస్తే చోటు తప్పుతుంది, రోగి వేళ్లతోనే కొలవాలి అన్నది ఆమె నేర్పిన మొదటి పాఠం. తర్వాత నా బొటనవేలు పట్టుకుని అదే చోట పెట్టించి, ఎంత బలం సరిపోతుందో పెద్దమ్మనే చెప్పమన్నది.

దీని వల్ల వాంతులు ఆగిపోయాయని నేను రాయను. వాంతులను ఆపింది ఒండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ వంటి మందులే, వాటిని వేళకు వేయడమే. అయితే ఇంటికి వెళ్లాక రాత్రి పూట, మాత్ర వేసుకున్న తర్వాత కూడా వదలని ఆ వికారం వచ్చినప్పుడు తన చేతిలో తాను చేసుకోగలిగిన పని ఒకటి ఉండడం ఆమెకు ధైర్యాన్ని ఇచ్చింది. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారానికి ఈ బిందువును ప్రేరేపించడం ఉపయోగపడుతుందని జరిగిన వైద్య పరీక్షలన్నిటినీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష పేర్కొన్నది, ఆధారాల నాణ్యత తక్కువేనని కూడా చెప్పింది. కీమో వికారం విషయంలో వేర్వేరు పరీక్షల ఫలితాలు ఒక్క తీరుగా లేవు. డాక్టరమ్మ కూడా సరిగ్గా అంతే చెప్పింది: హాని లేదు, కొందరికి తేలికపడుతుంది, మాత్ర మాత్రం మానొద్దు. ఆ నిజాయితీకి ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు ఇస్తాను.

కాళ్ల మర్దన రెండో దశలో, అంటే పాక్లిటాక్సెల్ మొదలైన తర్వాత, అవసరమైంది. ఆ మందు చేతి వేళ్ల, కాలి వేళ్ల చివరలను మొద్దుబారుస్తుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు వస్తున్నాయని పెద్దమ్మ చెప్పినప్పుడు, ఇంట్లో మేమైతే వేడి నీళ్లలో కాళ్లు పెట్టమని చెప్పి ఉండేవాళ్లమే. డాక్టరమ్మ దానికి అడ్డు చెప్పింది. స్పర్శ తగ్గిన కాలికి వేడి ఎంతో తెలియదు, చర్మం కాలి బొబ్బ లేచేదాకా రోగికి తెలియకపోవచ్చు, షుగర్ ఉన్నవారికైతే అది మరీ ప్రమాదం. అందుకే ఆమె నువ్వుల నూనెను గిన్నెలో గోరువెచ్చగా చేసినా, ప్రతిసారీ రెండు చుక్కలు తన మణికట్టు లోపలి వైపున వేసుకుని చూసుకున్న తర్వాతే పెద్దమ్మ పాదానికి రాసేది. వేళ్ల సందుల్లో తడి మిగలకుండా తుడిచేది, పగుళ్లు ఉన్నాయేమో చూసేది, జారకుండా చెప్పులు తొడిగిన తర్వాతే లేవనిచ్చేది. మర్దన కంటే ఈ చూపు విలువైనదని నాకనిపించింది. రోజూ పొలం గట్ల మీద నడిచే మనుషులు తమ అరికాలిని తాము చూసుకోరు. ఇంకొకరు ప్రతివారం పట్టుకుని చూడడం వల్ల ఒకసారి మడమ దగ్గర మొదలైన పుండు పెద్దది కాకముందే బయటపడింది.

మర్దన తిమ్మిర్లను తగ్గించలేదు. మందు ఆపిన తర్వాతే అవి నెమ్మదిగా తగ్గుముఖం పట్టాయి. తగ్గింది ఆందోళన, ఆ రోజు రాత్రి నిద్ర పట్టడం మెరుగైంది. అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ, ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ సొసైటీ కలిసి 2022లో నొప్పి మీద, 2023లో ఆందోళన, దిగులు మీద మార్గదర్శకాలు ఇచ్చాయి. ఉపశమన చికిత్సలో ఉన్న రోగుల నొప్పికి మర్దన, కొన్ని రకాల కీళ్ల నొప్పికి సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్, ఆందోళనకు ధ్యాస మీద ఆధారపడిన (మైండ్‌ఫుల్‌నెస్) సాధనలు వాడవచ్చని వాటిలో ఉన్నది. క్యాన్సర్‌ను ఇవి తగ్గిస్తాయని వాటిలో ఎక్కడా లేదు. బాధను తగ్గించడానికి ఒక పద్ధతి, జబ్బును తగ్గించడానికి ఇంకొక పద్ధతి అన్న ఈ గీతను ఆ డాక్టరమ్మ ఎప్పుడూ దాటలేదు.

ప్రాణాయామం విషయంలో కపాలభాతి, భస్త్రిక వంటివి ఆపరేషన్ గాయం ఉన్నవారికి చేయించలేదు. ఊపిరి పీల్చిన దానికంటే వదలడం కొంచెం ఎక్కువసేపు ఉండేటట్టు కూర్చోబెట్టి చేయించేవారు, అంతే. సంగీతానికి ఇయర్‌ఫోన్లు ఇచ్చేవారు. సంతూర్, వేణువు వంటివి వినిపించే జాబితా ఒకటి తయారుగా ఉండేది గానీ, మా పెద్దమ్మ వయసువారు ఎక్కువగా అడిగింది ఒగ్గు కథ, బతుకమ్మ పాటలు. అడిగినవి పెట్టడానికి సిబ్బంది అభ్యంతరం చెప్పలేదు. సువాసన నూనెలను మొదట హాలంతా ఆవిరి పట్టేవారు. కీమో రోగికి వాసనే పెద్ద శత్రువు. మామూలు రోజుల్లో ఇష్టమైన పోపు వాసన కూడా అప్పుడు సహించదు. లావెండర్ వాసనకు పక్క కుర్చీలోని ఒకావిడకు వాంతి కావడంతో దాన్ని ఆపేశారు. ఇప్పుడు అడిగినవారికి మాత్రం దూదికి ఒక చుక్క వేసి ఇస్తున్నారు. నలుగురు కూర్చునే హాలులో అదే పద్ధతి సరైనది.

ఈ సేవ వల్ల ఇంకొక మేలు జరుగుతున్నది, బహుశా ఆసుపత్రివారు కూడా ఊహించనిది. క్యాన్సర్ అని తెలిసిన ప్రతి ఇంటికీ బంధువులు ఏదో ఒక నాటు మందు తెస్తారు. ఫలానా ఊరిలో పసరు పోస్తారు, ఫలానా ఆయన పొడి ఇస్తే మూడు నెలల్లో గడ్డ కరిగిపోయింది అన్న కబురు లేని ఊరు మన దగ్గర లేదు. రోగులు వాటిని తాగుతూనే ఉంటారు. పెద్ద డాక్టరుకు మాత్రం చెప్పరు, చెబితే తిడతారని భయం. అదే మనిషి కాళ్లు పట్టే డాక్టరమ్మతో అరగంట కూర్చున్న తర్వాత దాపరికం లేకుండా మాట్లాడతాడు. “నాటు మందు ఏమన్న తాగుతున్నవా బాపూ? తాగితే చెప్పు, నేను కోపం జెయ్య” అని ఆమె అడిగినప్పుడు ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తాను రోజూ పొద్దున తిప్పతీగ కషాయం, దానితో పాటు పేరు తెలియని పొడి ఒకటి తీసుకుంటున్నానని నా ఎదుటే చెప్పాడు. ఆమె వెంటనే ఫోన్ చేసి క్యాన్సర్ డాక్టరుకు తెలియజేసింది, లివర్ పరీక్ష రాయించింది, ఆ రెండూ ఆపించింది.

ఇది చిన్న విషయం కాదు. కీమో మందుల్లో చాలావాటిని శరీరం నుంచి పంపించే పని కాలేయానిదే. కొవిడ్ కాలంలో తిప్పతీగను విపరీతంగా వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు వైద్య పత్రికలో నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. ఆ వాదన ఎలా తేలినా, కీమో నడుస్తున్న మనిషి కాలేయం మీద అదనపు భారం పెట్టి పరీక్షించవలసిన సమయం మాత్రం అది కాదు. కూరలో వేసుకునే పసుపు వేరు, గుళికల్లో మోతాదు పెంచి మింగే పసుపు సారం వేరు అని కూడా ఆమె రోగులకు చెబుతుండేది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం అసలు చికిత్స మానేసి వీటి వెనుక పోవడం. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నయమయ్యే దశలో ఉండి కూడా కేవలం ప్రత్యామ్నాయ వైద్యాన్నే ఎంచుకున్న రోగులకు మరణ ప్రమాదం మామూలు చికిత్స తీసుకున్నవారి కంటే రెండున్నర రెట్లు ఉన్నట్టు తేలింది. అదే ఏడాది అదే బృందం చేసిన ఇంకొక అధ్యయనంలో, రెండూ కలిపి వాడినవారిలో కూడా కొందరు ఆపరేషన్‌నో, కీమోనో, రేడియేషన్‌నో వద్దని మానుకున్నారని, వారికి ముప్పు పెరగడానికి ఆ మానుకోవడమే కారణంగా కనిపించిందని వెల్లడైంది. అందుకే ఈ సేవ బజారులోని మసాజ్ సెంటర్‌లో కాకుండా క్యాన్సర్ డాక్టరు ఉన్న కప్పు కిందే, ఆయన కనుసన్నల్లోనే ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, అన్నిటికంటే తీవ్రమైనది. బతుకమ్మ, దసరా సెలవుల్లో డాక్టరమ్మ లేని వారం ఆసుపత్రి సేవను ఆపకుండా, బయటి మసాజ్ కేంద్రం నుంచి ఒక యువకుడిని పిలిపించింది. అతనికి మర్దన బాగానే వచ్చు. క్యాన్సర్ రోగుల గురించి ఏమీ తెలియదు. మా ఎదుటి కుర్చీలోని రోగికి ఒక కాలి పిక్క మాత్రమే ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ ఉంది. ఆ యువకుడు దాన్ని చూసి, వాపు దింపుతానని నూనె చేతుల్లో పోసుకుని పిక్క పట్టబోయాడు. సెలైన్ మార్చడానికి వచ్చిన సిస్టర్ చూసి ఆపకపోతే ఏమై ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. క్యాన్సర్ రోగుల్లో కాలి సిరలో రక్తం గడ్డకట్టే అవకాశం మామూలు మనుషుల కంటే చాలా ఎక్కువ. అలాంటి కాలిని పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదు. ఆ రోగికి ఆ సాయంత్రమే సిరల్లో రక్త ప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ చేయించారు, సిరలో గడ్డ ఉన్నట్టు తేలింది. దీన్ని నేను లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసిన తర్వాత, డ్యూటీ సిస్టర్ సంతకం లేకుండా ఎవరికీ మర్దన చేయరాదన్న నియమం పెట్టారు. పెట్టినందుకు సంతోషమే. అయితే శిక్షణ ఉన్న మనిషి లేని రోజు సేవను మూసివేయడమే సరైన పని, సెలవు బోర్డు పెట్టడంలో నామోషీ ఏమీ లేదు.

రెండవది, డాక్టరమ్మ అంత శ్రద్ధగా రాసుకునే వివరాలన్నీ ఒక పొడుగు నోటుపుస్తకంలో ఉంటాయి. అవి రోగి కేసు షీటులోకి వెళ్లవు. మడమ మీది పుండు, నాటు మందు సంగతి, తిమ్మిర్లు చీలమండ దాకా ఎక్కాయన్న మాట, ఇవన్నీ క్యాన్సర్ డాక్టరు మందు మోతాదు నిర్ణయించేటప్పుడు ఆయన కళ్ల ముందు ఉండవలసినవి. పాక్లిటాక్సెల్ వల్ల నరాలు దెబ్బతింటున్న తీరును బట్టి మోతాదు తగ్గించడమో, మందు ఆపడమో జరుగుతుంది. ఆ సమాచారం డాక్టరమ్మ ఫోన్ చేస్తే చేరుతున్నది, ఆమె మరిచిపోతే చేరడం లేదు.

మూడవది కరపత్రం. రిసెప్షన్ బల్ల మీద పెట్టిన రంగుల కాగితంలో ఈ చికిత్సలు రోగనిరోధక శక్తిని పెంచి క్యాన్సర్‌ను అదుపు చేస్తాయని అచ్చు వేశారు. లోపల డాక్టరమ్మ ఒక్కసారి కూడా అనని మాటను బయట కాగితం మీద అనడం రోగిని మోసగించడమే అవుతుంది. క్యాన్సర్ వంటి జబ్బులను నయం చేస్తామని ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. ఆసుపత్రికి ఆ చట్టం తెలియకపోవడానికి అవకాశం లేదు. ఆ కాగితాన్ని వెంటనే తీసివేయాలి.

ఖర్చు గురించి క్లుప్తంగా. ఒక్కో విడతకు 350 రూపాయలు తీసుకుంటున్నారు. అరగంటకు పైగా ఒక వైద్యురాలి సమయం దొరుకుతున్నందుకు ఇది ఎక్కువ కాదు. కానీ చేరేటప్పుడే మొత్తం కీమోకు కలిపి వెల్‌నెస్ ప్యాకేజీ తీసుకోమని బిల్లింగ్ కౌంటర్‌లో ఒత్తిడి పెడతారు. తీసుకోవద్దు. కౌంట్ పడిపోయి కీమో వాయిదా పడిన రోజు, ఒంట్లో బాగాలేక చేయించుకోలేని రోజు ఎన్నో ఉంటాయి. ఏ రోజుకు ఆ రోజు చెల్లించడం మేలు. బీమా కంపెనీ మా బిల్లులో ఈ భాగాన్ని పూర్తిగా కొట్టివేసింది, కాబట్టి చేతి డబ్బుగానే లెక్క వేసుకోవాలి. నిజానికి మణికట్టు నొక్కడం, పాదాలు చూసి నూనె రాయడం, ఊపిరి సాధన ఈ మూడూ అటెండెంట్ నేర్చుకోగలిగినవే. డాక్టరమ్మ వాటిని దాచుకోకుండా నేర్పింది. నేర్చుకున్న తర్వాత మేము డబ్బు కట్టి చేయించుకున్నది తక్కువే, ఇంట్లో చేసుకున్నది ఎక్కువ. కాబట్టి స్తోమత లేనివారు కనీసం మొదటి విడత తీసుకుని, ఇంట్లో ఏమి చేయవచ్చో, ఏమి చేయరాదో అడిగి తెలుసుకుంటే చాలు.

మార్కులు ఇవ్వమంటే డాక్టరమ్మ పనికి 5కు 5, ఆసుపత్రి నిర్వహణకు 5కు 2 ఇస్తాను. ఈ రెంటినీ సగటు చేసి మధ్యలో ఒక అంకె వేయడం సరి కాదు, ఎందుకంటే రోగికి ఏ రోజు ఏది ఎదురవుతుందన్నదే ఇక్కడ ముఖ్యం. కీమో మొదలుపెట్టబోయే కుటుంబాలకు నేను చెప్పేది ఇది: చికిత్స చేసే మనిషి చదువు ఏమిటో అడగండి, ఆనాటి రక్త పరీక్ష చూసిందా లేదా గమనించండి, మీ క్యాన్సర్ డాక్టరుకు ఈ సేవ తీసుకుంటున్నామని మీరే చెప్పండి, మందులు గానీ పొడులు గానీ అమ్మజూపితే అక్కడే ఆపేయండి.

ఇంత మంచి పని డబ్బు కట్టగలిగినవారికి మాత్రమే అందడం నన్ను బాధిస్తున్నది. వరంగల్‌లోని ప్రభుత్వ ఎం.జి.ఎం. ఆసుపత్రికి రోజూ వచ్చే రోగుల్లో ఇటువంటి అరగంట అవసరం లేనివారు అరుదు. మనుషుల కొరత వరంగల్‌కు ఉండవలసిన పని లేదు. కాకతీయ మెడికల్ కాలేజీ ఇక్కడే ఉంది, అనంత లక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఇక్కడే ఉంది, ఎం.బి.బి.ఎస్.కూ, ఆయుర్వేదానికీ, ప్రకృతి వైద్యానికీ పట్టాలు ఇచ్చే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఉంది. ఒకే విశ్వవిద్యాలయం పట్టా పుచ్చుకున్న క్యాన్సర్ డాక్టరు, ప్రకృతి వైద్యురాలు ఒకే రోగి ఫైలు మీద కలిసి పనిచేయడానికి ఇంతకంటే అనువైన ఊరు రాష్ట్రంలో ఇంకొకటి దొరకదు. పాత సెంట్రల్ జైలు స్థలంలో 2021లో శంకుస్థాపన చేసిన 24 అంతస్తుల ఆసుపత్రి భవనంలో కీమో హాలు పక్కన ఒక చిన్న గది, శిక్షణ ఉన్న ఇద్దరు మనుషులు, కౌంట్ చూడకుండా చేయి వేయరాదన్న ఒక నియమం పెట్టగలిగితే చాలు.

హనుమకొండ ఆసుపత్రి యాజమాన్యానికి ఇచ్చిన లేఖలో కరపత్రం తీసివేయమని, సెలవు రోజుల్లో సేవ మూసివేయమని, నోటుపుస్తకానికి బదులు ప్రతి విడత వివరాలను కేసు షీటులో రాయించమని కోరాను. కరపత్రం గురించి, కేసు షీటు గురించి ఇంకా జవాబు రాలేదు. ఇప్పుడు అక్కడ చికిత్స తీసుకుంటున్నవారు, ఇదే విషయాన్ని అడగదలచుకుంటే, ఫిర్యాదుల పెట్టెలో వేయడం కంటే మెడికల్ సూపరింటెండెంట్ గదిలో రాతపూర్వకంగా ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి. మర్దన విషయంలో నియమం మారింది అలా ఇచ్చిన కాగితంతోనే.